ఆపే సంతకం కూడా మీరే పెట్టాలి

కొత్త సిస్టమ్‌లకు అనుమతులిచ్చే పెద్దలకు, ఐటీ విభాగాధిపతులకు, ఖర్చులు చూసే ఆర్థిక విభాగం వారికి,

నమస్కారం.

సర్వర్ కొనాలన్నా, సాఫ్ట్‌వేర్ తెప్పించాలన్నా, క్లౌడ్‌లో కొత్త ఖాతా తెరవాలన్నా ఒక ఫారం ఉంటుంది. దాని కింద మీ సంతకం ఉంటుంది. అదే సిస్టమ్‌ను ఆపేయాలంటే మాత్రం చాలాచోట్ల ఫారమే ఉండదు. ఒకవేళ ఉన్నా, దానిమీద ఎవరు సంతకం పెట్టాలో తేలదు. తేలదు కాబట్టి మాలాంటి అడ్మిన్లు దాన్ని అలాగే నడిపిస్తూ పోతాం. ఈ ఉత్తరంలో నేను అడిగేది ఒక్కటే. సిస్టమ్ మొదలుపెట్టమని రాసిచ్చే కాగితం మీదే దాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ డబ్బుతో ఆపుతారో కూడా రాసి సంతకం పెట్టండి. పాతవాటి విషయంలో ఆ బాకీ ఇప్పుడు తీర్చండి.

ఇన్వెంటరీ షీటులో, అంటే సంస్థలోని సిస్టమ్‌ల జాబితాలో, ఒక వరస ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడండి. సర్వర్ పేరు చివర 'టెస్ట్2' అని ఉంటుంది. స్టేటస్ 'యాక్టివ్'. ఓనర్ కాలమ్‌లో ఉన్నాయనకు మెయిల్ కొడితే అలాంటి అడ్రసే లేదని తిరిగొస్తుంది. ఆయన ఉద్యోగం మారి చాలాకాలమైంది. ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ సర్వర్ 2012. దాని ఎక్స్‌టెండెడ్ సపోర్ట్, అంటే భద్రతా లోపాలకు మామూలుగా మరమ్మతులు వచ్చే గడువు, 2023 అక్టోబర్ 10తోనే అయిపోయింది. రిమార్క్స్‌లో 'డోంట్ టచ్' అని రెండే మాటలు. ఎందుకు ముట్టుకోకూడదో ఆ మాట రాసినవారికే తెలియాలి, రాసిందెవరో ఎవరికీ తెలియదు. లాగ్‌లు తీసి చూస్తే రోజూ అర్ధరాత్రి దాటాక ఒక జాబ్ లేచి, ఏదో రిపోర్టు ఫైలు తయారుచేసి ఒక ఫోల్డర్‌లో పడేస్తోంది. ఆ ఫోల్డర్ తెరిచే మనిషి లేడు. ఆ ఫైళ్లకు బ్యాకప్ మాత్రం శ్రద్ధగా జరుగుతోంది. ఆ బ్యాకప్‌కు డిస్కు, ఆ డిస్కుకు ఏఎంసీ (ఏటా కట్టే నిర్వహణ కాంట్రాక్టు), ఆ ఏఎంసీ రెన్యువల్‌కు ఏటా మీ సంతకం.

ఇలాంటి వరసలు లేని ఇన్వెంటరీ నాకు ఇంతవరకూ కనిపించలేదు. కనిపించిందని ఎవరైనా చెబితే ఆ షీటు ఎన్నాళ్లుగా అప్‌డేట్ కాలేదో అడుగుతాను.

ఖర్చు సంగతి మీకు తేలిగ్గానే అర్థమవుతుంది కాబట్టి దాని జోలికి ఎక్కువ పోను. అసలు ప్రమాదం వేరే ఉంది. 2015లో బ్రిటన్‌లో టాక్‌టాక్ అనే టెలికాం కంపెనీ మీద దాడి జరిగి 1,56,959 మంది ఖాతాదారుల వివరాలు బయటికి పోయాయి. దొంగలు దూరింది కంపెనీ ప్రధాన వెబ్‌సైటులోంచి కాదు. 2009లో టిస్కాలి అనే సంస్థ బ్రిటన్ వ్యాపారాన్ని కొన్నప్పుడు దాంతోపాటు వచ్చిన పాత వెబ్‌పేజీలలోంచి. ఆ పేజీల వెనకున్న డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కు కాలం చెల్లింది. అందులోని లోపానికి మందు అప్పటికే మూడేళ్లకు పైగా అందుబాటులో ఉంది. ఎవరూ వేయలేదు. ఎందుకు వేస్తారు? ఆ పేజీలు ఇంకా బతికే ఉన్నాయన్న సంగతే ఎవరి లెక్కలోనూ లేదు. అక్కడి సమాచార కమిషనర్ 2016 అక్టోబర్‌లో 4 లక్షల పౌండ్ల జరిమానా వేశారు. సంస్థను కొన్నప్పుడు లాభనష్టాలు చూసినవారు చాలామందే ఉండి ఉంటారు. కొన్నవాటిలో వేటిని మూసేయాలో చూసే పని మాత్రం ఎవరికీ అప్పజెప్పినట్టు లేదు.

2021 మే నెలలో అమెరికాలో ఇంధనం సరఫరా చేసే కలోనియల్ పైప్‌లైన్ రోజుల తరబడి ఆగిపోయింది కూడా ఇలాగే. వాడకంలో లేదనుకున్న ఒక పాత వీపీఎన్ ఖాతా (బయటినుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి), పాస్‌వర్డ్ తప్ప రెండో తనిఖీ లేకుండా తెరిచే ఉంది. దాడిచేసినవారికి కంపెనీ 75 బిట్‌కాయిన్లు చెల్లించుకుంది. అప్పటి విలువ సుమారు 44 లక్షల డాలర్లు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన మీద జరిగిన దాడి గురించి బయటపెట్టినప్పుడు తేలిందీ అదే. తొలి అడుగు పడింది ఒక పాత టెస్ట్ వాతావరణంలోని ఖాతా మీద. విండోస్ తయారుచేసేవారికే పాత టెస్ట్ ఖాతా గుర్తులేకపోతే మన సంగతి చెప్పాలా!

అయితే దాడులు చేసేవారు లేకపోయినా పాతది దానంతట అదే ముంచగలదు. నాకు తెలిసినంతలో దీనికి నైట్ క్యాపిటల్‌ను మించిన ఉదాహరణ లేదు. అమెరికాలో షేర్ల లావాదేవీలు నడిపే పెద్ద సంస్థ అది. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో 'పవర్ పెగ్' అనే ఒక ఫంక్షన్ ఉండేది. 2003లోనే దాని వాడకం ఆపేశారు. కోడ్ మాత్రం తీసేయలేదు. 2012లో కొత్త సౌకర్యం ఒకటి చేరుస్తూ, పవర్ పెగ్‌ను మేల్కొలిపే పాత ఫ్లాగ్‌నే (ఆన్ చేసే గుర్తునే) ఆ కొత్తదానికి వాడుకున్నారు. ఎనిమిది సర్వర్లలో ఏడింటికి కొత్త కోడ్ వెళ్లింది, ఎనిమిదోదానికి వెళ్లలేదు. ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే ఆ ఎనిమిదో సర్వర్‌లో తొమ్మిదేళ్లుగా పడుకున్న పవర్ పెగ్ లేచి ఆర్డర్ల మీద ఆర్డర్లు పంపడం మొదలుపెట్టింది. ఇక చాలు, ఆపు అని చెప్పే లెక్క 2005లోనే వేరేచోటికి మార్చేశారు కాబట్టి ఆగలేదు. సుమారు 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. అంతకుముందే, మార్కెట్ తెరవక మునుపే, 'పవర్ పెగ్ డిజేబుల్డ్' అనే ఎర్రర్‌తో 97 ఆటోమేటిక్ మెయిళ్లు సిబ్బందికి వెళ్లాయట. వాటిని చూసి స్పందించాల్సిన పని ఫలానావారిదని లేదు. ఆ సంస్థ తర్వాత స్వతంత్రంగా నిలబడలేక ఇంకో సంస్థలో కలిసిపోయింది.

కోడ్ తీసేయడం ఒక మధ్యాహ్నం పని. ఆ మధ్యాహ్నాన్ని ఎవరి పనివేళల్లోంచి తీయాలో తొమ్మిదేళ్లలో ఎవరూ తేల్చలేదు.

'పనిచేస్తోంది కదా, కదపడం ఎందుకు' అని మీరనేది నాకు తెలుసు. ఆ మాటలో సగం నిజం ఉంది. పాత సర్వర్‌ను తొందరపడి ఆపితే ఎక్కడో సంవత్సరాంతంలో ఒక్కసారి నడిచే లెక్క విరిగిపోతుంది. అది ఆగిందని తెలిసేసరికి దాని డిస్కులు చెరిపేసి ఉంటాయి. అందుకే మా వృత్తిలో స్క్రీమ్ టెస్ట్ అని ఒకటుంది. సర్వర్‌ను చెరపకుండా, వీలైతే పవర్ కూడా తీయకుండా, ముందు నెట్‌వర్క్ నుంచి మాత్రం విడదీస్తాం. ఎవరైనా అరుస్తారేమో చూస్తాం. పవర్ తీయకపోవడానికి కారణముంది. ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన హార్డ్‌డిస్కు ఒకసారి ఆగితే మళ్లీ తిరుగుతుందన్న నమ్మకం లేదు. అరుపు వస్తే నిమిషాల్లో కేబుల్ పెట్టేస్తాం, అరిచినాయన పేరు ఓనర్ కాలమ్‌లో రాస్తాం. రాకపోతే నెలాఖరు, త్రైమాసికం, అవసరమైతే ఆర్థిక సంవత్సరం ముగిసేదాకా అలాగే ఉంచుతాం.

ఇందులో కష్టమైనది కేబుల్ పీకడం కాదు. మొదటి అరుపు వచ్చినప్పుడు మా వెనక ఎవరు నిలబడతారన్నదే కష్టం. ముందే నోటీసు ఇచ్చి, నెలరోజులు ఆగి, ఎవరూ జవాబివ్వకపోతేనే తీసినా సరే, అరుపు రాగానే 'ఎవరిని అడిగి ఆపారు' అనే ప్రశ్న అడ్మిన్ మీదికే వస్తుంది. ఒక్కసారి అలా తిట్టు తిన్నవాడు ఇంకెప్పుడూ ఏ సర్వర్ జోలికీ పోడు. రిమార్క్స్‌లో 'డోంట్ టచ్' అని రాసి పక్క వరసకు వెళ్తాడు. మీరు చూస్తున్న ఆ రెండు మాటల చరిత్ర చాలాసార్లు ఇదే.

ఇక ఆపడం అంటే షట్‌డౌన్ బటన్ నొక్కడమే అనుకునేవారి కోసం కొంచెం వివరంగా చెప్పాలి. సర్వర్ పోయినా దాని చుట్టూ అల్లుకున్నవి పోవు. దానికోసం తెరిచిన ఫైర్‌వాల్ రూల్ (నెట్‌వర్క్‌లో ఎవరు ఎక్కడిదాకా వెళ్లవచ్చో చెప్పే అనుమతి) ఉంటుంది. దాని సర్వీస్ అకౌంట్ (మనుషులు కాక ప్రోగ్రాములు వాడే ఖాతా) ఉంటుంది, అదీ సాధారణంగా పాస్‌వర్డ్‌కు గడువు లేకుండా. సర్వర్ గుర్తింపును రుజువుచేసే సర్టిఫికెట్లు, ఇతర ప్రోగ్రాములతో మాట్లాడేందుకు వాడే ఏపీఐ కీలు, మానిటరింగ్‌లో మోగుతూనే ఉండే అలారాలు, పేరును అడ్రస్‌కు కలిపే డీఎన్‌ఎస్ ఎంట్రీలు ఉంటాయి. పాత సర్వర్ ఐపీ అడ్రస్‌ను కొన్నాళ్లకు ఏ కొత్త వెబ్‌సర్వర్‌కో ఇస్తారు. ఫైర్‌వాల్‌లో పాత రూల్ మిగిలి ఉంటే, జీతాల డేటాబేస్ దాకా వెళ్లే దారి ఆ కొత్త సర్వర్‌కు ఎవరూ ఇవ్వకుండానే దొరుకుతుంది. ఆడిట్‌లో చూసినా ఆ రూల్ సక్రమంగానే కనిపిస్తుంది. టికెట్ నంబరు ఉంటుంది, అనుమతి ఉంటుంది. అనుమతి తీసుకున్న సర్వర్ ఒక్కటే ఉండదు.

డీఎన్‌ఎస్ సంగతి ఇంకా చిత్రం. క్లౌడ్‌లో నడిపిన ప్రచార వెబ్‌సైటును ప్రచారం అయిపోగానే తీసేస్తారు. మన సబ్‌డొమైన్ మాత్రం ఆ క్లౌడ్ అడ్రస్ వైపు చూస్తూనే ఉంటుంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినా గుమ్మానికి మన పేరుపలక వదిలేసినట్టే. ఎవరో వచ్చి అదే క్లౌడ్‌లో అదే పేరుతో ఖాతా తీసుకుంటే, మన పేరు మీదే జనానికి నకిలీ లాగిన్ పేజీ చూపించవచ్చు. అందుకే ముందు డీఎన్‌ఎస్ ఎంట్రీ తీసి, ఆ తర్వాతే క్లౌడ్‌లో వనరు తీయాలి. చాలాచోట్ల ఈ రెండు పనులూ వేర్వేరు టీముల చేతిలో ఉంటాయి, వరస తప్పడానికి అదే చాలు.

డొమైన్ పేరు విషయంలో మాత్రం నా సలహా తిరగబడుతుంది. మిగతావన్నీ తీసేయమంటాను గానీ, ఒకప్పుడు వాడిన డొమైన్‌ను వదులుకోవద్దంటాను. ఏటా కట్టేది చాలా తక్కువ. వదిలేస్తే ఏమవుతుందో 2024లో వాచ్‌టవర్ అనే భద్రతా పరిశోధకుల బృందం చూపించింది. '.మోబి' డొమైన్ల వివరాలు చెప్పే హూయిజ్ సర్వర్ ఒకప్పుడు నడిచిన పాత డొమైన్ గడువు తీరి ఖాళీగా ఉంటే, వాళ్లు 20 డాలర్లు పెట్టి కొనుక్కుని అక్కడ ఒక సర్వర్ పెట్టి కూర్చున్నారు. కొద్దిరోజుల్లోనే 1,35,000కు పైగా సిస్టమ్‌లు వచ్చి 25 లక్షల ప్రశ్నలు అడిగాయి. వాటిలో ప్రభుత్వాల, సైన్యాల మెయిల్ సర్వర్లు కూడా ఉన్నాయి. పాత అడ్రస్‌ను సొంతదారు వదిలేశాడు, దాన్ని రాసిపెట్టుకున్న లోకం మాత్రం మార్చుకోలేదు. మీ పాత డొమైన్‌కు ఇంకా ఎవరెవరు మెయిళ్లు పంపుతున్నారో, ఎన్ని ఖాతాల పాస్‌వర్డ్ రీసెట్ లింకులు అక్కడికే వెళ్తాయో ఎవరైనా చూశారా?

డేటా దగ్గరికి వద్దాం. 'డంప్ (డేటా మొత్తం కాపీ) తీసి టేపులో పెట్టేశాం' అనే మాట వినగానే మీరు రెండు ప్రశ్నలు అడగాలి. దాన్ని తెరిచి చూశారా? తెరవడానికి కావలసినవి కూడా దాచారా? కొన్నేళ్లకు కోర్టుకో పన్ను అధికారులకో ఒక రికార్డు కావలసివస్తుంది. ఆ డేటాబేస్ వెర్షన్ ఇప్పుడు దొరకదు, ఆ అప్లికేషన్ లేకుండా టేబుళ్లు చూస్తే అంకెలు తప్ప అర్థం కనిపించదు. అంతకన్నా అన్యాయం ఇంకొకటుంది. బ్యాకప్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, దాని కీ ఉన్న సర్వర్‌ను కూడా అదే ఊపులో ఆపేసి ఉంటారు. ఉంచాల్సిన రికార్డులను ఎవరైనా చదవగలిగే మామూలు ఫైళ్లుగా మార్చి, ఏ తేదీన చెరపాలో దానిమీదే రాసి దాచడం మేలు. చెరపాల్సిన తేదీ రాయకపోతే అది కూడా ఇన్వెంటరీలో ఇంకో దిక్కులేని వరస అవుతుంది.

మిగతా డిస్కులను బయటికి పంపేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. అమెరికా ఆర్థిక సంస్థ మోర్గాన్ స్టాన్లీ 2016లో రెండు డేటా సెంటర్లు మూసేసింది. ఆ పనిని డేటా చెరపడంలో అనుభవమే లేని ఒక తరలింపు కంపెనీకి అప్పజెప్పింది. ఖాతాదారుల వివరాలు చెరగని పరికరాలు చేతులు మారి చివరికి ఇంటర్నెట్ వేలంలో తేలాయి. 2020లో బ్యాంకుల నియంత్రణ సంస్థ ఓసీసీ 6 కోట్ల డాలర్లు, 2022లో షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ మరో 3.5 కోట్ల డాలర్లు జరిమానా వేశాయి. ఎస్‌ఈసీ లెక్కన ప్రమాదంలో పడినవి దాదాపు 1.5 కోట్ల మంది ఖాతాదారుల వివరాలు. రవాణాలో ఎంత మిగిలిందో గానీ జరిమానా ముందు అది చిల్లర.

చెరపడానికి పద్ధతులు కొత్తవేమీ కాదు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ తన 800-88 పత్రంలో క్లియర్ (మామూలుగా చెరపడం), పర్జ్ (ల్యాబ్‌లో కూడా తిరిగి తీయలేనంతగా చెరపడం), డెస్ట్రాయ్ (డిస్కునే ధ్వంసం చేయడం) అని మూడు స్థాయిలు చెప్పింది. చాలా దేశాల్లో సంస్థలు దాన్నే పాటిస్తున్నాయి. పాత హార్డ్‌డిస్కు మీద మళ్లీ మళ్లీ రాస్తే పాతది పోతుందన్న అలవాటు, తిరిగే భాగాలు లేని కొత్తరకం డిస్కులైన ఎస్‌ఎస్‌డీలకు పనికిరాదు. ఎస్‌ఎస్‌డీ తన అరుగుదలను సమంగా పంచుకోవడానికి డేటాను లోపల అటూ ఇటూ మారుస్తూ ఉంటుంది. మనం పైనుంచి రాసింది చేరని మూలలు దానిలో మిగిలిపోతాయి. దానికి తయారీదారు ఇచ్చిన శానిటైజ్ కమాండ్ గానీ, ఎన్‌క్రిప్షన్ కీని నాశనం చేసే పద్ధతి గానీ వాడాలి. అదీ కుదరకపోతే నుజ్జు చేయడమే. ఏది చేసినా సీరియల్ నంబర్లతో సర్టిఫికెట్ తీసుకోండి. '200 డిస్కులు ధ్వంసం చేయడమైనది' అని రాసిన ఒంటి లైను కాగితం ఎందుకూ కొరగాదు. మన లెక్కలో పోయినవి 203 అయితే ఆ మూడూ ఏవో దాన్నిబట్టి చెప్పలేం.

ఆర్థిక విభాగం వారికి ఒక మాట. మీ దగ్గర ఒక జాబితా, మా దగ్గర ఒక జాబితా. మీ పుస్తకాల్లో తరుగుదల పూర్తయి విలువ సున్నాకు చేరిన మెషిన్ మా ర్యాక్‌లో లైట్లు వెలిగించుకుని నడుస్తూనే ఉంటుంది. మేము ఎప్పుడో తీసేసినదానికి మీరు లైసెన్సు రెన్యువల్ కడుతూ ఉంటారు. క్లౌడ్ వచ్చాక ఈ గొడవ పెరిగింది. వర్చువల్ మెషిన్ (క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న సర్వర్) తీసేస్తే దాని డిస్కు కూడా పోతుందన్న హామీ అన్నిచోట్లా లేదు, స్నాప్‌షాట్లు (ఆ డిస్కుకు తీసి ఉంచిన కాపీలు) అసలే పోవు. బిల్లులో అవి చిన్నచిన్న పద్దులుగా చెల్లాచెదురుగా ఉంటాయి కాబట్టి ఎవరి కంటా పడవు. రెండు జాబితాలనూ ఏడాదికి ఒక్కసారైనా పక్కపక్కన పెట్టి చదవడానికి మీ మనిషి ఒకరు, మా మనిషి ఒకరు కూర్చోవాలి. విసుగు పుట్టించే పని అది. టూల్ కొంటే తీరిపోతుందని అమ్మేవారు చెబుతారు. మెషిన్ ఉందో లేదో టూల్ చెప్పగలదు, ఎవరికి కావాలో చెప్పలేదు.

అన్నిటినీ తీసేయాలని నా వాదన కాదు. ఒక ల్యాబ్ పరికరమో, స్కానింగ్ యంత్రమో, ఫ్యాక్టరీలో కంట్రోల్ కంప్యూటరో విండోస్ ఎక్స్‌పీ మీదే నడుస్తూ ఉండవచ్చు. ఎక్స్‌పీకి సపోర్ట్ 2014 ఏప్రిల్ 8న ఆగింది. యంత్రం మాత్రం ఇంకా బంగారంలా పనిచేస్తోంది, కొత్తది కొనాలంటే తలకు మించిన ఖర్చు. సరే, ఉంచండి. ఇంటర్నెట్ కోసేయండి, మిగతా నెట్‌వర్క్ నుంచి వేరుచేయండి, యూఎస్‌బీ పోర్టులు మూసేయండి. ఆపైన 'ఈ ప్రమాదం నాకు తెలుసు, ఫలానా తేదీదాకా ఒప్పుకుంటున్నాను' అని ఆ యంత్రంతో పని ఉన్న విభాగం అధిపతి సంతకం చేయాలి, ఐటీ వారు కాదు. ఏడాది తిరిగాక మళ్లీ సంతకం అడగండి. కొన్ని యంత్రాలు ఆ రెండో సంతకం దగ్గరే అవసరం లేనివని తేలిపోతాయి.

ఇంకో చిక్కుంది. సిస్టమ్ మొదలుపెట్టినవారికి చప్పట్లు, అభినందన మెయిళ్లు, పదోన్నతి ఫైలులో ఒక లైను. ఆపినవారికి వచ్చేవి ఫిర్యాదులే. అంతా సవ్యంగా ఆపితే అసలేమీ జరగదు కాబట్టి ఎవరికీ తెలియను కూడా తెలియదు. దీన్ని సరిదిద్దడానికి 'త్రైమాసికానికి ఇన్ని అసెట్లు రిటైర్ చేయాలి' అని టార్గెట్ పెడదామనిపిస్తుంది. దయచేసి వద్దు. పాత కీబోర్డులూ మానిటర్లూ గుట్టగా రాసేసి లెక్క నింపేస్తారు, 'టెస్ట్2' ఎక్కడిదక్కడే ఉంటుంది. దానికి బదులు సమీక్షలో ఓనర్ లేని వరసలు ఎన్ని ఉన్నాయో, సపోర్ట్ ముగిసినా ఆన్‌లైన్‌లో ఉన్నవి ఎన్నో అడగండి. ఆ రెండు అంకెలను కీబోర్డులతో తగ్గించలేరు.

కొత్త ప్రాజెక్టు ఫైలు మీ ముందుకు వచ్చినప్పుడు ముగింపు ఖర్చు అనే పద్దు ఉందో లేదో చూడండి. డేటా తరలింపు, ఆర్కైవ్, డిస్కుల ధ్వంసం, కొన్నాళ్లు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపే ఖర్చు అందులో ఉండాలి. కొత్త సిస్టమ్ వచ్చాక పాతదాన్ని ఆపకుండా ప్రాజెక్టు పూర్తయిందని ఒప్పుకోకండి. చివరి బిల్లులో కొంత మొత్తం పాత సర్వర్ ఆగాకే విడుదల చేస్తామని మొదట్లోనే రాయండి. నా అనుభవంలో పాతవాటిని ఆపించే శక్తి ఏ పాలసీ పత్రానికన్నా ఆ ఆపిపెట్టిన బిల్లుకే ఎక్కువ.

ఏఎంసీ, లైసెన్సుల రెన్యువల్ ఫైలు ఎలాగూ త్వరలో మీ టేబుల్ మీదికి వస్తుంది. సంతకం పెట్టేముందు దానికి ఇన్వెంటరీ షీటు జతచేయమని అడగండి. ఓనర్ కాలమ్ ఖాళీగా ఉన్న వరసలన్నిటికీ మీ పేరుతో నెలరోజుల నోటీసు ఇచ్చి, జవాబు రానివాటిని నెట్‌వర్క్ నుంచి తీయమని మాకు ఒక్క లైను రాసి పంపండి. ఎవరైనా అరిస్తే చూపించుకోవడానికి ఆ లైను మా దగ్గర ఉంటే చాలు. మిగతా పని మేము చూసుకుంటాం.

ఇట్లు,
ఓనర్ల కోసం వెతుకుతూ తిరిగే ఒక సిస్టమ్ అడ్మిన్